బూటు అచ్చులోని అతుకు

బూటు కుట్టువాడు కొయ్య అచ్చుపై తోలును సాగదీసి, మేకులతో బిగించి, అడుగు కుట్టి ఆరనిచ్చును. అయితే పని ముగిసిన పిమ్మట ఆ అచ్చును వెలికిదీయుటయే అసలు చిక్కు, ఏలయన మీగాలు ఉబ్బెత్తుగాను, బూటు నోరు ఇరుకుగాను ఉండును. ఏకఖండమైన అచ్చును బలవంతముగా లాగినచో మడమ వెనుకటి కుట్టు సాగి శ్రమయంతయు వ్యర్థమగును. అందుకే మీగాలి భాగమును వేరు ముక్కగా కోసిరి. దాని రంధ్రమునకు కొక్కెము తగిలించి ముందుగా లాగినచో, లోపల చోటు చిక్కి, మిగిలిన అచ్చు సులువుగా వెలువడును. కీలు అచ్చు మరింత నేర్పైనది: నడుమ కోసి కీలును, స్ప్రింగును అమర్చుటచే మడమ భాగము మడిగి పొడవు తగ్గును.

1819లో అమెరికావాసి థామస్ బ్లాంచర్డ్ తుపాకుల కొయ్యభాగములకై కల్పించిన, నమూనాకు నకలు తీయు లేతు యంత్రము, పిదప బూటు అచ్చులను చెక్కుటకును ఉపకరించినది. ఆకృతి విషయమున చింత తీరినను, సంస్కరింపవలసినది కోసిన ముక్కలు కలియు అతుకేయని నా తలంపు. మేపుల్, బీచ్ కొయ్యలు తేమకు ఉబ్బి, ఎండకు కుంచించుకొనును. అతుకు వదులై అరికాలి రేఖ వెంట్రుకవాసి తప్పినను, లోపలి అట్టపై గట్టు పడి, తొడిగినవాని పాదమును అడుగడుగునను ఒరయును. ప్లాస్టిక్ అచ్చులు తేమ బాధను తప్పించినవి. కాని కీలు శీల తిరుగు రంధ్రము అరుగుట మానదు, కనుక దానిలో లోహపు గొట్టము బిగించుట మేలు.