సూటిగా నడచు చక్రము

కారు కదలుట వేరు, సూటిగా నడచుట వేరు. ఇంజను ఎంత బలము గలదైనను, రంగు ఎంతగా మెరయుచున్నను, ముందరి చక్రములు రెండును ఒకే దిక్కునకు మొగము పెట్టి నిలువనిచో, స్టీరింగును బిగబట్టి ఉంచిననే గాని కారు దారి తప్పక సాగదు. టైర్లు అకాలముగా అరిగిపోవును. దూరప్రయాణము చేసి దిగినవాని భుజములు రాత్రి యంతయు పీకుచుండును. మెకానిక్కులు అలైన్‌మెంట్ అను మాటతో చెప్పునది చక్రముల ఈ పొందికనే. దీనిని సరిచేయుటకు కంప్యూటరు తెర గల దుకాణమే శరణ్యమని నేడు చాలమంది తలంతురు. కాని యంత్రము కొలతను త్వరితము చేయును గాని, కొలతకు మూలమైన నియమమును మార్చదు. సమతలమైన నేలయు, బిగువైన దారమును, ఉక్కు స్కేలును, వాటికి మించి ఓర్పును గలవాడు పాత కారు చక్రములను తన ఇంటి ముంగిటనే సరిచేసికొనగలడు.

విశాఖపట్టణమున ఈ మాట చెప్పుట సులభము. 1933లో ఓడరేవు తెరువబడినది. 1941లో సింధియా నౌకాసంస్థ వారి ఓడల నిర్మాణశాలకు పునాది పడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగినది. ఓడయందు ప్రొపెల్లరు షాఫ్టు మార్గమును నిర్ణయించుటకును, రోలింగు మిల్లు స్టాండ్లను ఒకే వరుసలో నిలుపుటకును సన్నని ఉక్కుతీగను బిగించి, దానినే ఆధారరేఖగా గైకొనుట ఇంజనీర్లు చిరకాలముగా ఎరిగిన పద్ధతి. ఇట్టి పనులలో చేయి తిరిగిన ఫిట్టర్లు తరతరములుగా నివసించుచున్న ఊరిలో, అంత పెద్ద యంత్రములకు చెల్లిన రేఖ చిన్న కారునకు చెల్లదనుట తగదు.

మన ప్రాంతమున పాత కారనగానే ముందుగా కన్నులకు కట్టునది అంబాసిడర్. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారముగా గొని, హిందుస్థాన్ మోటార్స్ వారు పశ్చిమ బెంగాలులోని ఉత్తరపాడాలో 1950 దశకపు చివరినుండి 2014 మే వరకు నిర్మించిన ఈ కారు, అధికారుల వాహనముగను, టాక్సీగను, పెండ్లివారి బండిగను మన జీవితములతో పెనవేసికొనినది. బొంబాయి నుండి వచ్చిన ప్రీమియర్ పద్మిని, మద్రాసున తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ దాని సమకాలికములు. వీనిని నేటికిని ప్రేమతో పోషించుకొనువారికి సముద్రతీరము రెండు విధముల చిక్కు తెచ్చిపెట్టును. ఉప్పుగాలి, స్టీరింగును చక్రములకు కలుపు కడ్డీలైన టై రాడ్ల మరలను, లాక్ నట్లను తుప్పుతో బిగియబట్టును. బరువు లారీల రాకపోకలకు గుంతలు పడిన రోడ్లు బాల్ జాయింట్లను వదులు చేయును.

చక్రము నిలుచు తీరును మూడు కోణములు నిర్ణయించును. కారునకు ఎదురుగా నిలిచి చూచినపుడు చక్రము పైభాగము లోనికిగాని వెలికిగాని ఒరిగియుండుట క్యాంబర్. చక్రము ఏ ఇరుసుపై కుడియెడమలకు తిరుగునో ఆ ఇరుసు (కింగ్‌పిన్), పక్కనుండి చూచినపుడు, వెనుకకు వాలియుండుట క్యాస్టర్. మలుపు ముగియగానే స్టీరింగు తనంత తాను సూటికి వచ్చుటకు ప్రధానకారణ మిదియే. ఇక పైనుండి చూచినపుడు రెండు చక్రముల ముందరి అంచులు వెనుకటి అంచులకంటె కొంచెము దగ్గరగా నుండుట టో-ఇన్. పాత అంబాసిడర్ వంటి కార్లలో మొదటి రెండు కోణములును నిర్మాణముతోనే ఏర్పడినవి. ఇంటివాడు సవరింపదగినది సాధారణముగా మూడవది యొక్కటే.

చక్రములు సరిగా సమాంతరముగా నుండక కొంచెము లోనికి చూడవలసిన కారణ మేమి? వెనుక చక్రములు తోయగా ముందరి చక్రములు నేల ప్రతిఘటనకు లోనై వెలికి విచ్చుకొనజూచును. జాయింట్లలోని స్వల్పమైన వదులు అందుకు తోడ్పడును. నిలిచియున్నపుడు లోనికి చూచు చక్రములు, నడకలో ఆ వదులు తీరి సమాంతరములగును. ఆ కాలపు కార్లలో పెక్కింటికి 1.5 నుండి 3 మిల్లీమీటర్ల వరకు టో-ఇన్ విధింపబడియుండును. ఐనను మీ కారు మాన్యువల్‌లోని అంకెయే మీకు ప్రమాణము. ఈ స్వల్పపు కొలత ఎంత పని చేయునో లెక్కించి చూడుడు. అంబాసిడర్ టైరు వ్యాసము సుమారు 660 మిల్లీమీటర్లు. టో-ఇన్‌లో మొత్తము 6 మిల్లీమీటర్ల తప్పున్నచో ఒక్కొక్క చక్రము వంతు 3 మిల్లీమీటర్లు. అనగా కారు కిలోమీటరు దూరము నడచునప్పటికి ప్రతి చక్రమును సుమారు నాలుగున్నర మీటర్లు పక్కకు ఈడ్వబడును. రబ్బరు ఎక్కడికి పోవుచున్నదో ఇక వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ తప్పును కనుగొనుటకు మొదటి పరికరము అరచేయి. ముందరి టైరు మీద అరచేతిని వెలుపలి అంచునుండి లోపలికి, మరల లోపలినుండి వెలికి రాయుడు. లోపలికి పోవునపుడు నున్నగను, వెలికి వచ్చునపుడు రంపపు పండ్లవలె గరగరగను తగిలినచో టో-ఇన్ మితిమీరినదని అర్థము. అందుకు విపర్యయముగా తగిలినచో చక్రములు వెలికి విచ్చుకొనియున్నవి. అంచు లిరుప్రక్కల అరిగినచో గాలి తక్కువ. నడుమ అరిగినచో గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగినచో క్యాంబర్‌ను శంకింపవలెను.

కొలతకు ముందు చేయవలసిన సిద్ధపాటు కొలతకంటె ముఖ్యము. కారు నిలుపు నేల సమతలముగా నున్నదో లేదో తాపీమేస్త్రీలు వాడు నీటిగొట్టముతో చూడవలెను. టైర్లు చల్లగా నున్నపుడే గాలి సరిచూడవలెను. పిదప చక్రమును జాకీపై లేపి, స్టాండు ఆనించి, వెనుక చక్రములకు అడ్డుచెక్కలు పెట్టి, చక్రమును పైన క్రింద పట్టి ఊపిన కింగ్‌పిన్, బేరింగుల వదులును, పక్కల పట్టి ఊపిన టై రాడ్ జాయింట్ల వదులును తెలియును. వదులున్న జాయింటును మార్చక అలైన్‌మెంట్ చేయుట వృథాశ్రమ. నేటి కొలత రేపటికి నిలువదు. అంబాసిడర్ ముందరి భాగమును మోయునవి టార్షన్ బార్లు గనుక, అవి కాలక్రమమున సడలి కారు ఒక వైపు క్రుంగినదేమో గూడ చూడవలెను. చక్రము లేచియుండగనే దానిని మెల్లగా త్రిప్పుచు, స్థిరముగా పట్టిన మేకు మొనతో టైరు నడుమ చుట్టును ఒక సన్నని గీత గీసికొన్నచో అది తరువాత ఉపకరించును. జాకీ ఒక్కదానిని నమ్మి కారు క్రిందికి దూరుట ఎన్నటికిని కూడదు.

ఇక దారము. ఫిషింగ్ హార్బర్ దగ్గరి దుకాణములలో దొరకు నైలాన్ గాలపు దారము సన్నము, బిగువు గలది గనుక ఈ పనికి మిక్కిలి యోగ్యము. కారునకు ఇరుప్రక్కల, చక్రముల నడిమి ఎత్తున, ముందునుండి వెనుకకు రెండు దారములు కట్టవలెను. ముందరి చక్రముల నడిమి బిందువులనుండి రెండు దారములకును దూరము సమానము కావలెను. వెనుక చక్రములకు గూడ అట్లే. దారముల నడిమి ఎడము ముందును వెనుకను ఒక్కటిగా నుండవలెను. ముందు వెనుక ఇరుసుల వెడల్పు సాధారణముగా ఒక్కటి కాదు గనుక, వెనుక చక్రమునకు దారమును తాకించి సరిపెట్టుకొనరాదు. ఇట్లు కట్టిన దారములు కారు నడిమి రేఖకు సమాంతరములగును. స్టీరింగును సూటిగా నిలిపి, ముందరి రిమ్ము యొక్క ముందరి అంచునుండి దారమునకు ఎంతయో, వెనుకటి అంచునుండి ఎంతయో కొలువుడు. ముందరి కొలత ఎక్కువైనచో ఆ చక్రము లోనికి చూచుచున్నది.

స్టీరింగు సూటిగా నుండవలెననుటకు కారణము కలదు. మలుపులో లోపలి చక్రము వెలుపలి దానికంటె ఎక్కువ తిరుగునట్లు కడ్డీలు అమర్చబడియున్నవి. గుఱ్ఱపు బండ్ల కొరకు మ్యూనిక్ నగరవాసి లాంకెన్‌స్పెర్గర్ కనుగొనగా, అకర్మాన్ 1818లో లండనులో పేటెంటు పొందిన ఈ ఏర్పాటే నేటి కార్లలో నున్నది. కావున స్టీరింగు కొంచెము పక్కకు తిరిగియున్నను రెండు చక్రముల కొలతలును వికలమగును.

సవరణ చేయునపుడు ప్రతి ముందరి చక్రము క్రిందను గ్రీజు పూసిన రెండు ఇనుపరేకులు ఒకదానిపై నొకటి ఉంచినచో టైరు నేలను పట్టక స్వేచ్ఛగా తిరుగును. తుప్పు పట్టిన లాక్ నట్టునకు ముందునాటి రాత్రియే నూనె పట్టించి, వైరు బ్రష్షుతో మరలు శుభ్రము చేయుట మంచిది. బలవంతపెట్టిన పానా నట్టు మూలలను అరుగదీయును. నట్టు వదలిన పిమ్మట టై రాడ్‌ను పావు చుట్టుకు మించక త్రిప్పి, మరల కొలువవలెను. రెండు టై రాడ్లును గల అంబాసిడర్‌లో ఇరుప్రక్కలను సమానముగ త్రిప్పిననే స్టీరింగు చక్రము నడుమ నిలుచును. స్టీరింగ్ బాక్స్ గల పద్మిని వంటి కార్లలో కడ్డీల అమరిక వేరు గనుక మాన్యువల్ ననుసరింపవలెను. నట్టు బిగించుటలో కొలత మారుట కలదు; బిగించిన తరువాతి కొలతయే లెక్క.

చివరి పరీక్షకు, దారములను రేకులను తీసిన పిమ్మట, ముందుగా గీసిన గీత పనికివచ్చును. చక్రముల వెనుక, నడిమి ఎత్తున, రెండు గీతల ఎడమును కొలిచి, ఆ చోటు సుద్దతో గుర్తుపెట్టి, కారును ముందునకే నెట్టుచు గుర్తు ముందుకు వచ్చువరకు చక్రమును అరచుట్టు త్రిప్పి, అదే చోట మరల కొలిచినచో, రిమ్ము వంకరలు లెక్కలోనికి రాక నిజమైన టో-ఇన్ తేలును. రిమ్ము దగ్గరి కొలతయు టైరు దగ్గరి కొలతయు ఒక్కటి కావు గనుక, మాన్యువల్‌లోని అంకె ఏ చోటిదో చూచుకొనవలెను.

తూకపు గుండును రిమ్ము ప్రక్కన వ్రేలాడదీసి క్యాంబర్‌ను గూడ చూడవచ్చును. సుమారు 400 మిల్లీమీటర్ల ఎడముగల రిమ్ము పై, క్రింది అంచులనుండి గుండు దారమునకు గల దూరములలో 7 మిల్లీమీటర్ల తేడా ఒక డిగ్రీకి సమానము. అది మాన్యువల్ అంకెకు దూరమైనను, ఇరుప్రక్కల వేరువేరుగ నున్నను, వంగిన భాగమునకో అరిగిన కింగ్‌పిన్‌కో అది సూచన. అప్పుడు గాజువాక ఆటోనగర్‌లోని అనుభవజ్ఞుల చేతికి కారును అప్పగించుటయే వివేకము. తన చేతిలోని పనికి హద్దు ఎరుగుట గూడ పనితనమే.

పిదప కారును నడిపి చూచునపుడు రోడ్డు వాలు ఎడమకు లాగుట సహజమని గుర్తుంచుకొని, సమమైన చోటనే తీర్పు చెప్పవలెను. కొలతలను తేదీతో, గాలి పీడనముతో, టైరు అరుగుదలతో ఒక పుస్తకమున వ్రాసికొనుడు. ఒక సంవత్సరము గడచునప్పటికి ఆ పుస్తకము ఏ జాయింటు నిలుచుచున్నదో, ఏది మెల్లమెల్లగా సడలుచున్నదో దుకాణపు కాగితము చెప్పజాలనంత స్పష్టముగా చెప్పును. పాత కారును నిలుపునది కొత్త విడిభాగములకంటె యజమాని ఎరుకయే. ఆ ఎరుక కొలిచి, సవరించి, మరల కొలుచువానికే లభించును.