తునికాకు తెలుసు, తునికి చెట్టు తెలియదు: బోధన్, నిజామాబాద్ ఇళ్లు మళ్లీ నేర్చుకోవాల్సిన అడవి విద్య

నిజామాబాద్, బోధన్ మొహల్లాల్లో చాలా ఇళ్ల ముందు రోజూ కనిపించేదే ఇది. చాటలో తంబాకు, పక్కన నానబెట్టిన ఆకు, కత్తెర, దారం. ఇంటి పని అయ్యాక ఆడవాళ్లు బీడీలు చుట్టడానికి కూర్చుంటారు. వేళ్లతో తడిమితే చాలు, ఆకు ముదురో లేతో చెప్పేస్తారు. కానీ ఆ ఆకు చెట్టు ఎట్లుంటది, దానికి ఏ నెలలో పండ్లొస్తాయి, ఆ పండు తినొచ్చా అని అడిగితే చాలా ఇళ్లలో జవాబు రాదు.

తునికి చెట్టును ఎవరూ పొలంలో వేసి పెంచరు. అది అడవిలో తనంతట తానే మొలుస్తుంది. ఎండాకాలం ముందు పొదలను నరికితే కొత్త చిగురు వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో ఆ లేత ఆకును కోసి 50 ఆకులకు ఒక కట్ట కడతారు. 1000 కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. చెట్టును పెద్దగా ఎదగనిస్తే అదే ఎండల్లో పసుపుపచ్చ పండ్లు కాస్తుంది. తియ్యగా, కొంచెం వగరుగా ఉంటాయి. అడవి పక్క ఊళ్ల పిల్లలు ఇష్టంగా తింటారు.

అంటే ఈ పట్టణాల్లో వేల ఇళ్లకు కూలి పైసలు వస్తున్నది ఒక అడవి ఆకు మీద. ఆకు ఇంటిదాకా వచ్చింది, దాని వెనక ఉన్న విద్య మాత్రం రాలేదు. అదెట్లా తెచ్చుకోవాలి? అదీ కూలి మానకుండా, కిరాయి, ఫీజులు ఆగకుండా?

రీవైల్డింగ్ అంటే ఏమిటి?

ఈ మధ్య వినిపిస్తున్న ఈ మాటకు రెండు అర్థాలున్నాయి. మొదటిది భూమికి సంబంధించింది. పాడైపోయిన నేలను కొంతకాలం వదిలేసి, అక్కడి చెట్టూ పురుగూ పిట్టా మళ్లీ వచ్చేలా చూడటం. రెండోది మనిషికి సంబంధించింది. ఏ ఆకు తినాలి, ఏది తినకూడదు, ఏ కాలంలో ఏం దొరుకుతుంది, విత్తనం ఎట్లా దాచాలి అనే మరిచిపోయిన హునర్‌ను మళ్లీ నేర్చుకోవడం.

అన్నీ వదిలేసి అడవికి పోవడమే ఇది అనుకునేవాళ్లూ ఉన్నారు. కిరాయి కట్టాల్సిన కుటుంబానికి ఆ మాట పనికిరాదు. పైసల లోకంలో ఉంటూనే, అంతా పైసల మీదే ఆధారపడకుండా కొంత విద్య చేతిలో ఉంచుకోవడమే ఇక్కడ కుదిరే దారి.

చక్కెర చెప్పిన పాఠం

మంజీర నది మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. కాలువ నీళ్లతో చెరకు పెరిగింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ ఏర్పడింది. బోధన్ పక్కన శక్కర్‌నగర్ అనే ఊరే దాని చుట్టూ వెలిసింది. ఫ్యాక్టరీ కొలువు, చెరకు రైతు, బండి, దుకాణం, హోటల్ అన్నీ ఆ ఒక్క పొగగొట్టం మీదే బతికాయి.

2002లో ఫ్యాక్టరీ ప్రైవేటు చేతుల్లోకి పోయింది. 2015 డిసెంబర్‌లో మూతపడింది. కొందరు గల్ఫ్‌కు పోయారు, కొందరు ఆటో పట్టారు. ఎన్నో ఇళ్లలో బీడీ కూలే పెద్ద దిక్కయింది. ఆ కూలి కూడా కంపెనీ ఆకు, తంబాకు ఎంత ఇస్తే అంతే.

చెరకు రాకముందు ఈ నేల మీద జొన్న, పప్పులు, నువ్వులు కలిపి వేసే చెలకలు ఉండేవి. వాటి మధ్య తనంతట తాను మొలిచే కూరాకు ఉండేది. కాలువ కింద ఒకే పంట వచ్చేసరికి ఆ కూరాకు కలుపు అయింది. ఇప్పుడు చెరకులో, మక్కల్లో గడ్డి మందు కొడితే అది కూడా మిగలడం లేదు. పైసలు ఆగిన రోజు పొలం ఒడ్డున కూర దొరకాలంటే ఆ ఒడ్డూ ఉండాలి, దాన్ని గుర్తుపట్టే కన్నూ ఉండాలి. చాలాచోట్ల రెండూ ఒకేసారి పోతున్నాయి.

జహీరాబాద్ ఆడవాళ్ల దారి

బోధన్ నుంచి దక్షిణానికి బాన్సువాడ, నారాయణఖేడ్ మీదుగా పోతే జహీరాబాద్ వస్తుంది. అక్కడి పస్తాపూర్‌లో 1983 నుంచి డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పనిచేస్తోంది. ఊరూరా పేద మహిళల సంఘాలు, అందులో ఎక్కువ మంది దళితులు. బీడు పడిన భూముల్లో జొన్న, సామ, కొర్ర, పప్పులు కలిపి వేశారు. 1990ల్లో ఊళ్లో పండిన జొన్నతోనే ఊరి పేదలకు సొంత రేషన్ పద్ధతి నడిపారు. విత్తనం కొనకుండా ఇంట్లో దాచి, ఒకరికొకరు ఇచ్చుకున్నారు.

విత్తకుండానే మొలిచే కూరాకులను వాళ్లు కలుపు అని పారేయలేదు. అట్లాంటివి 80కి పైగా రకాలు ఆ పొలాల్లో లెక్కకొచ్చాయి. గడ్డి మందు కొట్టరు కాబట్టి కూరాకు బతికింది. కూరాకు బతికింది కాబట్టి దాన్ని గుర్తుపట్టే విద్య కూడా బతికింది. ఈ సంఘాలకు 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ల ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

ఆ మహిళలు పైసలను వదిలేయలేదన్నది గమనించాలి. పండింది తిన్నాక మిగిలింది అమ్ముతారు, కూలికీ పోతారు. కానీ తిండి విషయంలో మొదటి మాట అంగడిది కాదు, పొలానిది.

ఎంత ఆశించాలి?

కూరాకు తెచ్చుకుంటే కిరాయి కట్టలేం, మందులు కొనలేం. బీడీలు చుట్టే మనిషి గంటసేపు ఒడ్ల వెంట తిరిగితే ఆ గంటలో చుట్టాల్సిన బీడీల కూలి పోతుంది. ఈ లెక్క మరిచిపోయి ప్రకృతి గొప్పదనం చెప్తే అది పేద ఇంటికి భారమే.

అందుకే దీన్ని విడిగా ఒక పనిగా పెట్టుకోకూడదు. బడికి, నమాజుకు, కూలికి పోయే తొవ్వలోనే కళ్లు తెరిచి చూడటం నేర్చుకోవాలి. దొరికేది కూడా చిన్నదే: వారంలో ఒకటి రెండు పూటల కూర, పిల్లల పళ్లెంలో కొత్త రకం ఆకు, కష్టకాలంలో కొంచెం ధైర్యం. కానీ ఒకసారి నేర్చుకున్న విద్యకు కిస్తీ కట్టాల్సిన పని లేదు.

సగం విద్య వంటింట్లోనే ఉంది

ముస్లిం ఇళ్లలో ఈ కూరాకులకు పేర్లు ముందే ఉన్నాయి. పుంటికూర అంటే అంబాడా. గంగవాయిలి కూర అంటే కుల్ఫా. చింతచిగురు అంటే చిగూర్. ఎండాకాలంలో చిగూర్ గోష్త్ వండని ఇల్లు తక్కువ. దాదీ, నానీ దగ్గర ఉర్దూ పేరు ఉంటుంది, పొలంలో పనిచేసే అక్క దగ్గర తెలుగు పేరు ఉంటుంది. ఆ రెండు పేర్లూ ఒకే మొక్కవని పిల్లలకు తెలిస్తే సగం పాఠం అయినట్లే.

కాలం వారీగా చూస్తే వరస ఇట్లా ఉంటుంది.

ఎండాకాలంలో చింతచిగురు, తునికి పండ్లు. ఎండలకు కొంచెం ముందు మోదుగ ఎర్రగా పూస్తుంది. దాని ఆకులను పుల్లలతో కుట్టి విస్తరి చేయడం ఒక గంటలో వచ్చే విద్య. ఇంట్లో చిన్న దావత్‌కు ప్లాస్టిక్ పళ్లేలు కొనే పని తప్పుతుంది.

తొలకరి పడ్డాక గంగవాయిలి, తుమ్మికూర, గురుగు, అటికమామిడి మొలుస్తాయి. తుమ్మికూరను వినాయక చవితికి పక్కింటి హిందువులు తప్పకుండా వండుతారు. దాన్ని గుర్తుపట్టడం వాళ్ల దగ్గర నేర్చుకోవడం సులువు.

వానాకాలంలో కంచెల మీద బోడకాకర పాకుతుంది. అంగట్లో దీని ధర ఎప్పుడూ ఎక్కువే. నేలలో దుంప ఉంటే ఏటా మళ్లీ మొలుస్తుంది. ఆడ తీగ, మగ తీగ వేరువేరు కాబట్టి కాయ కావాలంటే పెరట్లో రెండూ ఉండాలి.

చలి మొదలయ్యే ముందు సీతాఫలం, చలికాలంలో రేగుపండ్లు వస్తాయి. పన్ను తోమడానికి వేప పుల్ల, కానుగ పుల్ల ఏడాది పొడవునా దొరుకుతాయి.

తప్పు పడితే ప్రాణం మీదకి

ఒక్క గుర్తు చూసి ఆకు కోయకూడదు. గంగవాయిలికి ఆకు మందంగా, కాడ ఎర్రగా, పువ్వు చిన్నగా పసుపుగా ఉంటుంది. అదే నేల మీద నానబాలు జాతి మొక్కలు కూడా పాకుతాయి. కాడ తుంచి చూడాలి. పాలు కారితే అది గంగవాయిలి కాదు, వదిలేయాలి.

ఉమ్మెత్త, గన్నేరు, గురివింద గింజ, అడవి ఆముదం కాయలు విషం. తినే మొక్కల కంటే ముందు ఈ నాలుగింటినీ పిల్లలకు చూపించాలి. పుట్టగొడుగులను తెలియనివాళ్లు ముట్టుకోకపోవడమే మంచిది. మురికి కాలువ ఒడ్డున, గడ్డి మందు కొట్టిన చేను పక్కన ఎంత పచ్చగా ఉన్నా కోయొద్దు. గంగవాయిలి లాంటి ఆకులను కిడ్నీలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ను అడిగే తినాలి. తెలియని ఆకును గర్భిణులు అసలు తినకూడదు.

చట్టం కూడా తెలిసి ఉండాలి. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం ప్రకారం అడవి కుందేలు, ఉడుము, నెమలి, తీతర్ వేట నేరం. 2006 అటవీ హక్కుల చట్టం అడవి ఫలసాయం మీద హక్కు ఇచ్చింది ఆదివాసీలకు, తరతరాలుగా అడవిని నమ్ముకున్నవాళ్లకు. పట్నం నుంచి సంచి పట్టుకుని పోయేవాళ్లకు కాదు. పొలం ఒడ్డున కోయాలన్నా రైతును ఒక మాట అడగాలి.

ఇంకో సంగతి. ఒడ్డు మీద కూరాకు పొలం కూలీ ఇంటి రాత్రి కూర. పట్నం వాళ్లు అంతా కోసుకుపోతే ఆ ఇంటి పళ్లెం ఖాళీ అవుతుంది. అవసరమైనంతే కోసి, మిగిలింది విత్తనానికి వదలాలి. తండా ఆడవాళ్లో, గొర్ల కాపరులో మొక్కలు చూపిస్తే ఊరికే చెప్పించుకోకూడదు. వాళ్లు అమ్మే సీతాఫలమో, బోడకాకరో బేరమాడకుండా కొనాలి. ఇక్కడ పైసలు అడ్డం కావు, అవే ఆ విద్యను బతికిస్తాయి.

భూమి ఎక్కడ?

పట్టణంలో ఇరుకు ఇంట్లో ఉండేవాళ్లకు ఒడ్డూ చెలకా ఎక్కడివి అనే ప్రశ్న సరైనదే. డాబా మీద పాత బకెట్‌లో గంగవాయిలి పెరుగుతుంది. అంతకంటే పెద్ద జాగా మొహల్లాకే ఉంది, అది ఖబ్రస్తాన్. చాలా ఊళ్లలో పాత వేప చెట్లు, పిట్టల గూళ్లు మిగిలింది అక్కడే. శుభ్రం పేరుతో అంతటా గడ్డి మందు కొట్టే బదులు, నడిచే దారులు, కొత్త ఖబర్ల దగ్గర గడ్డి కోయించి, మూలలను వానాకాలం అయ్యేదాకా వదిలేయాలని కమిటీ తీర్మానం చేసుకోవచ్చు. సీమ పూల మొక్కల బదులు వేప, కానుగ, నేరేడు నాటొచ్చు. అక్కడ తినడానికి ఏమీ కోయనక్కర్లేదు. పిల్లలు చెట్టును, పిట్టను పేరుపెట్టి పిలవడం నేర్చుకుంటే చాలు.

నెలకు ఒక్క మొక్క

మొదలుపెట్టడానికి ఖర్చు లేదు. ఒక నోటుబుక్కు చాలు. నెలకు ఒక మొక్క. పేరు ఉర్దూలో, తెలుగులో రాయాలి. ఎక్కడ చూశారు, ఏ నెల, ఎవరు చెప్పారు, ఇంట్లో ఎట్లా వండారు అనేవి కూడా రాయాలి. దాదీ చెప్తుంటే మనవరాలు రాస్తే ఏడాదికి పన్నెండు మొక్కలు. ఇవ్వాళ 70 ఏళ్లు దాటిన పెద్దల దగ్గర ఉన్న ఈ విద్య మరో పదేళ్లకు ఎవరిని అడిగినా దొరకకపోవచ్చు. అందుకే తొందర.

బీడీలు చుట్టే ఇంట్లో మొదటి పేజీ తునికితోనే మొదలుపెట్టొచ్చు. వచ్చే ఎండాకాలంలో అంగట్లో తునికి పండ్లు కనిపిస్తే ఒక దోసెడు కొని, ఆ ఆకును ఇన్నేళ్లు చుట్టిన చేతుల్లో పెట్టాలి.