బడికి పార్టీ వద్దు, పిల్లలకు గొంతు కావాలి

మా అశోక్‌నగర్, చిక్కడపల్లి ముషీరాబాద్ నియోజకవర్గంలోకి వస్తాయి. 2009లో ఇక్కడ కాంగ్రెస్ గెలిచింది, 2014లో బీజేపీ. 2018లోనూ 2023లోనూ టీఆర్ఎస్, అంటే ఇప్పటి బీఆర్ఎస్. ఈ ఓట్లన్నీ వేసినవాళ్ల పిల్లలు నారాయణగూడ చుట్టుపక్కల కాన్వెంటు బడుల్లో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. అలాంటి ఒక బడిలో నేను సోషల్ టీచర్‌ని. క్యాథలిక్ బడి అంటే అందరిదీ ఒకే మాటని బయటివాళ్లు అనుకుంటారు. మా తరగతుల్లో క్రైస్తవ పిల్లలు కొద్దిమందే. స్టాఫ్‌రూములో నల్గొండ తెలుగు టీచరు, గుంటూరు లెక్కల మాస్టారు, కేరళ సిస్టర్లు. ఎవరి పేపరు వాళ్లది, ఎవరి పార్టీ వాళ్లది.

2009 డిసెంబరులో మాకు అసలైన పరీక్ష వచ్చింది. 9వ తేదీ రాత్రి తెలంగాణ రాష్ట్ర ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించింది. 23న ఆ మాట వెనక్కి పోయింది. బంద్‌ల మధ్య బడి తెరిచిన ఒకరోజు తొమ్మిదో తరగతిలో ఒకబ్బాయి లేచాడు. "మిస్, మా బాబాయికి రావాల్సిన నౌకరీ ఆంధ్రోళ్లు గుంజుకున్నరని మా నాయిన అంటడు." గుడివాడ నుంచి వచ్చిన కుటుంబంలోని అమ్మాయి కళ్లనీళ్లు పెట్టుకుంది. "నేనిక్కడే పుట్టాను మిస్. మమ్మల్ని ఎక్కడికి పొమ్మంటారు?"

క్లాసులో రాజకీయాలొద్దని ఆ ఇద్దరినీ కూర్చోబెట్టడం తేలిక. అలా చేస్తే వాళ్ల గొడవ మైదానంలోకి, ఆటో రిక్షాలోకి పోతుందే తప్ప ఆగదు. అందుకే బోర్డు మీద రెండు వైపులా రాశాను. ఒకవైపు తెలంగాణకు హామీలిచ్చిన 1956 పెద్దమనుషుల ఒప్పందం, 1969 తెలంగాణ ఉద్యమం, ఉద్యోగాల్లో స్థానికులకు న్యాయం చేయమని 1985లో వచ్చిన 610 జీవో. రెండోవైపు దేశంలో ఎక్కడైనా నివసించే హక్కునిచ్చిన రాజ్యాంగం 19వ అధికరణం. ఆపైన ఒక్కటే షరతు పెట్టాను: అవతలివాళ్ల వాదనను ముందు వాళ్లు ఔననేలా చెప్పాలి, తర్వాతే తమ మాట. ఆ అబ్బాయి ఆమె భయాన్ని చెప్పాడు. ఆ అమ్మాయి అతని బాబాయి కష్టాన్ని చెప్పింది. ఎవరూ పక్షం మారలేదు. 2011లో తెలంగాణ కోసం 42 రోజుల సకల జనుల సమ్మె వచ్చినప్పుడు, అప్పటికి ఇంటర్‌కు చేరిన అదే పిల్లలు ఒకరి నోట్సు ఒకరు రాసుకున్నారు.

ఇది నేను సొంతంగా కనిపెట్టిన పద్ధతేమీ కాదు. క్యాథలిక్ చర్చి రెండో వాటికన్ మహాసభ 1965 డిసెంబరు 7న వెలువరించిన పత్రం, లోక వ్యవహారాల్లో విశ్వాసులు నిజాయితీగానే భిన్నాభిప్రాయాలతో ఉండవచ్చని చెప్పింది. తన అభిప్రాయమే చర్చి అభిప్రాయమని చాటుకునే అధికారం ఎవరికీ లేదని కూడా చెప్పింది. కాబట్టి అసెంబ్లీ మైకులో ఒక పార్టీని పొగిడే ప్రిన్సిపాల్‌దీ, మార్కులు చేతిలో పెట్టుకుని పిల్లల్ని తన పక్షానికి లాగే టీచర్‌దీ ఒకే తప్పు. 2024లో భారత క్యాథలిక్ బిషప్పుల సమాఖ్య తన బడులకు ఇచ్చిన మార్గదర్శకాల్లో రాజ్యాంగ పీఠికను రోజూ ఉదయం అసెంబ్లీలో చదివించమంది. ఇతర మతాల పిల్లలపై క్రైస్తవ ఆచారాలు రుద్దవద్దంది. భావ ప్రకటన స్వేచ్ఛ ఆ పీఠికలోనే ఉంది. పొద్దున దాన్ని చదివించి మధ్యాహ్నం పిల్లల నోరు మూయించలేం కదా!

మన తెలుగు న్యాయమూర్తి జస్టిస్ ఓ. చిన్నపరెడ్డిని ఇక్కడ తలచుకోవాలి. జాతీయగీతం పాడేటప్పుడు మర్యాదగా నిలబడినా, తమ విశ్వాసం ఒప్పుకోదని పాడని ముగ్గురు పిల్లల్ని కేరళలో ఒక బడి బహిష్కరించింది. 1986లో ఆయన సుప్రీంకోర్టు తీర్పు రాస్తూ వాళ్లను తిరిగి చేర్చుకోమన్నారు. అందరితో గొంతు కలపకపోయినంత మాత్రాన పిల్లలు బడికి పరాయివాళ్లు అయిపోరని ఆ తీర్పు నాకు నేర్పింది.

గౌరవానికీ హద్దుంది. కులాన్నీ మతాన్నీ తిట్టడం రాజకీయాభిప్రాయం కాదు. దాన్ని అక్కడికక్కడే ఆపాలి. మిగతా ఏ మాటకైనా చోటివ్వాలి. 2024 అక్టోబరులో ప్రభుత్వ గ్రూప్-1 ఉద్యోగాల పరీక్ష వాయిదా వేయాలని అభ్యర్థులు మా అశోక్‌నగర్ రోడ్లెక్కినప్పుడు, ఇళ్లలో విన్న మాటలన్నీ మర్నాడు క్లాసుకొచ్చాయి. ప్రభుత్వాన్ని సమర్థించినవాళ్లూ, అభ్యర్థుల పక్షాన నిలిచినవాళ్లూ మాట్లాడారు. షరతు మాత్రం పాతదే.

తల్లిదండ్రులకు నా మనవి ఒకటే. మీ పార్టీ మీది, దాన్ని దాచుకోనక్కర్లేదు. కానీ భోజనాల దగ్గర అవతలి పార్టీవాళ్లను తిట్టే ముందు, మీ పాప పక్కన రేపు కూర్చునేది వాళ్ల బిడ్డేనని ఒక్క క్షణం గుర్తుంచుకోండి. బడి వాట్సాప్ గ్రూపులో ప్రచార వీడియోలు పెట్టకండి. మీ బిడ్డ మీతో విభేదిస్తే కోప్పడకండి, కారణం అడగండి. ఆ కారణం చెప్పగలిగిన పిల్లలే రేపు మంచి ఓటర్లవుతారు.