గీజరు కారుతోందా? ఎక్కణ్ణించో చూడండి

(రేడియోలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



చలికాలం వచ్చిందంటే తెల్లవారగానే మన ఇళ్ళల్లో వినపడే మొదటి మాట "గీజరు వేశావా?" అన్నది. మా అమ్మమ్మగారింట్లో పెరట్లో రాగి బాయిలరు ఉండేది. నాలుగు బొగ్గులూ, కొబ్బరి డొక్కలూ వేస్తే నీళ్ళు కాగేవి. అది కారితే పెరడు తడిసేది, అంతే. ఇప్పుడో, నీళ్ళూ కరెంటూ ఒకే డబ్బాలో పక్కపక్కన కాపురం చేస్తున్నాయి. అందుకే కారే గీజరు గురించి ఇవాళ నాలుగు మాటలు చెప్పుకుందాం. ఇది పుస్తకంలో చదివి చెబుతున్నది కాదు. పోయిన చలికాలం నేను చేసిన తెలివితక్కువ పనివల్ల తెలుసుకున్నది.

మాది విజయవాడ. మా స్నానాల గదిలో 15 లీటర్ల గీజరు, దాని పక్కన షవరు, కింద కుళాయి. ఒకరోజు చూద్దును గదా, గీజరు అడుగున సేఫ్టీ వాల్వుకున్న సన్నని గొట్టంలోంచి చుక్కచుక్కగా నీళ్ళు పడుతున్నాయి. కింద మగ్గు పెట్టాను. ఆ టపటప చప్పుడు భరించలేక మర్నాడు గొట్టం మూతికి గుడ్డపేలిక బిగించి కట్టేశాను. ప్లంబరు ఖర్చు తప్పించానని మురిసిపోయాను కూడా!

పది రోజుల తరువాత గీజరు అడుగు మూతలోంచే చెమ్మ దిగడం మొదలైంది. ఆ వారంలోనే మా పనిమనిషి "అమ్మగారూ, కుళాయి ముట్టుకుంటే చెయ్యి జివ్వుమంటోందండీ" అంది. "చలికి తిమ్మిరెక్కి ఉంటుందిలే" అన్నాను. మర్నాడు మళ్ళీ చెప్పింది. మళ్ళీ వినిపించుకోలేదు. మూడోనాడు మా చిన్నవాడికి నీళ్ళు పట్టబోయి నేనే కుళాయి ముట్టుకున్నాను. మోచేతి దాకా లాగేసింది. వెనక్కి తిరిగి చూస్తే వాడు తువ్వాలు చుట్టుకుని తడి నేలమీద నిలబడి ఉన్నాడు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ.

ఎలక్ట్రీషియను వచ్చి గీజరు విప్పాడు. నీళ్ళు వేడి చేసే ఎలిమెంటుకు పైనుండే లోహపు తొడుగు తుప్పుతిని చిల్లు పడింది. అందులోంచి కరెంటు నీళ్ళలోకి దిగుతోంది. పోనీ ఎర్తు ఉంది కదా అంటే, గోడ సాకెట్టుకు మూడు కన్నాలు ఉన్నాయే గాని మూడో కన్నం వెనక తీగె లేనేలేదు! తరువాత అతను నా గుడ్డపేలిక ఊడదీసి, ఏమీ అనకుండా నా చేతిలో పెట్టాడు.

ఆ మూడింటి సంగతీ అతన్ని అడిగి తెలుసుకున్నాను. మీకూ చెబుతాను.

మొదటిది పేలిక సంగతి. నీళ్ళు వేడెక్కితే కొంచెం పెరుగుతాయి. 15 లీటర్ల నీళ్ళు 25 డిగ్రీల నుంచి 65 డిగ్రీలకు వేడెక్కితే సుమారు పావు లీటరు పెరుగుతాయి. టాంకులో చోటు లేనప్పుడు ఆ పావు లీటరు పోయేందుకు పెట్టినదే సేఫ్టీ వాల్వు. కనుక గీజరు వేసినప్పుడు ఆ గొట్టంలోంచి కాసిని చుక్కలు పడి, నీళ్ళు కాగాక ఆగిపోతే అది జబ్బు కాదు, ఆరోగ్యమే. ప్రెషరు కుక్కరు వెయిటు లేవకుండా ఎవరమైనా కట్టేస్తామా? నేను చేసింది అదే పని! ఆ దారి మూసేస్తే లోపల ఒత్తిడి పెరిగి టాంకు పగిలే ప్రమాదం ఉంది. గీజరు ఆపిన తరువాత కూడా రాత్రింబవళ్ళు కారుతుంటే మాత్రం వాల్వు పాడైందనుకోవాలి. వేడినీళ్ళు మరీ సలసల మరుగుతూ వస్తుంటే థర్మోస్టాటు పనిచేయడం లేదని అనుమానించాలి.

రెండోది, గొట్టాలు కలిసేచోట కారడం. ఇది చాలావరకు లోపలి రబ్బరు వాషరు అరిగిపోవడం వల్ల వస్తుంది. ప్లంబరుకు పది నిమిషాల పని. కుళాయి కట్టేసినా షవరులోంచి చుక్కలు పడుతూనే ఉంటే, అదీ కుళాయి లోపలి వాషరు లోపమే. షవరు కన్నాలు పూడి నీళ్ళు పక్కలకు చిమ్ముతుంటే అది ఉప్పునీటి గార. షవరు మూతిని ఊడదీసి రాత్రి వెనిగరు కలిపిన నీళ్ళలో నానేసి, పొద్దున పాత బ్రష్షుతో తోమితే వదులుతుంది. ఈ పని మనమే చేసుకోవచ్చు.

మూడోది, గీజరు అడుగు మూతలోంచి కారడం. ఇక్కడ మాత్రం మనం చెయ్యి పెట్టకూడదు. లోపల ఎలిమెంటు దగ్గర రబ్బరన్నా పోయి ఉంటుంది, టాంకుకు చిల్లన్నా పడి ఉంటుంది. కరెంటు తీగెలు ఉండేదీ అక్కడే. టాంకుకే చిల్లు పడితే జిగురు ముద్దలు అతికించి లాభం లేదు, గీజరు మార్చవలసిందే. ఆ గతి పట్టకుండా చాలా గీజర్లలో మెగ్నీషియం కడ్డీ ఒకటి పెడతారు. టాంకుకు బదులు అది తుప్పు తింటుంది. బోరు నీళ్ళు వాడేవారు ఏడాదికొకసారి గీజరు విప్పించి, గార తీయించి, ఆ కడ్డీ అరిగిపోతే మార్పించడం మంచిది.

ఇక కరెంటు సంగతి. ఎర్తు తీగె సరిగా ఉంటే దారితప్పిన కరెంటు మన ఒంట్లోంచి కాక ఆ తీగెలోంచి భూమిలోకి పోతుంది. మీ ఇంట్లో మూడో కన్నం వెనక తీగె ఉందో లేదో ఎలక్ట్రీషియను చేత ఒక్కసారి చూపించండి. మా ఇంట్లో మాదిరి కన్నం చూసి నమ్మకండి. రెండోది, మెయిను దగ్గర ఎం.సి.బి. ఉంది కదా అని ధీమాగా ఉండకండి. అది లోడు ఎక్కువైనా, తీగెలు కలిసినా పడిపోతుంది గాని, మనిషికి ముప్పు తెచ్చే కొద్దిపాటి కరెంటును పట్టుకోదు. దానికి ఆర్.సి.సి.బి. అనే మరో స్విచ్చు కావాలి. వెళ్ళిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు అది సరిచూసుకుంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చిందంటే రెప్పపాటులో పడిపోతుంది. దానిమీద "టెస్టు" అని ఉన్న బొత్తాం నెలకొకసారి నొక్కి చూడండి. పడిపోతే బాగున్నట్టు.

గీజరు అడుగున కారుతున్నా, కుళాయి జివ్వుమన్నా వెంటనే చేయవలసినవి ఇవి. తడి చేత్తో బాత్‌రూము స్విచ్చు జోలికి పోకుండా, పొడి చేతులతో, కాళ్ళకు చెప్పులు వేసుకుని మెయిను దగ్గరే ఆపాలి. ఎవరినీ ఆ గదిలోకి పోనివ్వకూడదు. కరెంటు ఆగాకే గీజరులోకి చన్నీళ్ళు వచ్చే గొట్టం కట్టేయాలి. టాంకులో నీళ్ళు మరుగుతూ ఉండవచ్చు, వాటిని ఒంపే పని మీరు పెట్టుకోకండి. తరువాత ఎలక్ట్రీషియనుకు కబురు చేయండి.

అన్నట్టు, 2 కిలోవాట్ల ఎలిమెంటు 15 లీటర్ల నీళ్ళను 40 డిగ్రీలు వేడెక్కించడానికి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు చాలు. కనుక ముందే వేసుకుని, స్నానానికి దిగేముందు స్విచ్చు ఆపేయండి. బిల్లూ కలిసొస్తుంది, ప్రాణానికీ భరోసా.

చివరిగా ఒక్క మాట. మా ఇంట్లో ప్రమాదం సంగతి అందరికంటే ముందు తెలిసింది పనిమనిషికి. తడి చేతులతో ఆ కుళాయి రోజూ ముట్టుకునేది ఆమే కదా! రెండుసార్లు చెప్పినా నేను నవ్వేసి ఊరుకున్నాను. మర్నాడు ఆమెతో "నీ మాట వినకపోవడం నాదే తప్పు" అన్నాను. "పోనీలెండమ్మా, బాబుకేం కాలేదు" అంది. ఆమెకేమైనా అయి ఉంటే నేను ఎవరికి జవాబు చెప్పుకునేదాన్ని? ఇంట్లో చిన్నవాళ్ళు గాని, పనివాళ్ళు గాని "కరెంటు కొడుతోంది" అంటే నవ్వకండి. ముందు మెయిను ఆపండి. నిజమో కాదో తరువాత తీరిగ్గా చూసుకోవచ్చు.

సెలవు.