అమ్మమ్మ జబ్బును దాచవద్దు

పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు ఇంటిపేరు, ఊరు, పొలం, చదువు అన్నీ ఆరా తీస్తాం. కాని "మీ అమ్మమ్మ ఏ జబ్బుతో పోయింది?" అంటే చాలామంది మాట మారుస్తారు. రొమ్ము కాన్సర్ అని తెలిస్తే ఆడపిల్లలకు సంబంధాలు రావని భయం. ఆ పిల్లల మేలుకోరి దాచిన మాటే వారి ప్రాణం మీదికి తేవచ్చు.

ప్రియ సహోదరీ సహోదరులారా, రొమ్ము కాన్సర్ అంటువ్యాధి కాదు, శాపమూ కాదు. అందరికీ వంశపారంపర్యంగా వచ్చేదీ కాదు. నూటికి 5 నుండి 10 మందికి మాత్రమే అది పుట్టుకతో వచ్చిన జన్యులోపం వలన కలుగుతుంది. 1990లో మేరీ క్లెయిర్ కింగ్ అనే అమెరికా శాస్త్రవేత్త అలాంటి ఒక జన్యువు ఉండే చోటును చూపించారు. 1994, 1995 సంవత్సరాలలో బి.ఆర్.సి.ఎ.1, బి.ఆర్.సి.ఎ.2 అనే రెండు జన్యువులను గుర్తించారు. ఇవి కణాలలో జరిగిన నష్టాన్ని బాగుచేస్తాయి. వీటిలో లోపమున్న స్త్రీలలో నూటికి సుమారు 70 మందికి 80 ఏళ్లలోగా రొమ్ము కాన్సర్ రావచ్చు. అండాశయ కాన్సర్ ముప్పు కూడా ఎక్కువే.

ఈ లోపం తండ్రి నుండి కూడా రావచ్చు. తల్లికిగాని తండ్రికిగాని ఉంటే ప్రతి బిడ్డకూ, ఆడైనా మగైనా, సగానికి సగం అవకాశం ఉంది. కనుక నాయనమ్మను, మేనత్తలను కూడా లెక్కించాలి.

ఒక కాగితంపై మూడు తరాలవారిని వ్రాయండి. ఎవరికి ఏ కాన్సర్, ఏ వయసులో వచ్చిందో పక్కన వ్రాయండి. మన వరుసలతో జాగ్రత్త! అమ్మకు అక్క అయిన పెద్దమ్మ రక్తసంబంధి. పెదనాన్న భార్య అయిన పెద్దమ్మ కాదు. మేనరికపు ఇళ్లలో మాత్రం రెండు వైపులా ఒకే రక్తం ఉంటుంది గనుక అందరినీ చూడాలి.

50 ఏళ్లలోపే రొమ్ము కాన్సర్ రావడం, రెండు రొమ్ములకూ రావడం, మగవారికి రావడం, అండాశయ కాన్సర్ ఉండడం, ఒకే వైపు ఇద్దరు ముగ్గురికి రావడం - వీటిలో ఏది కనిపించినా ఆ కాగితం తీసుకొని కాన్సర్ డాక్టరు వద్దకు వెళ్లండి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. కాన్సర్ ఆసుపత్రి ప్రభుత్వ ఆసుపత్రే. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రిలో వంశపారంపర్య కాన్సర్లకు ప్రత్యేక విభాగం ఉంది.

జన్యుపరీక్షకు కొంచెం రక్తం చాలు. వీలైతే ముందుగా జబ్బు వచ్చినవారికే చేయడం మంచిది. లోపం ఉన్నదని తేలితే సాధారణంగా 25వ ఏట నుండి ఏటా ఎం.ఆర్.ఐ., 30 నుండి మామోగ్రామ్ కూడా చేస్తారు. పిల్లలు పుట్టాక అండాశయాలు తీయించుకొనే విషయం కూడా డాక్టర్లు చెబుతారు. పరీక్ష చేయించలేని ఇంట తల్లికి 42వ ఏట జబ్బు వస్తే, కూతురు సుమారు 32వ ఏట నుండే చూపించుకోవాలి. రొమ్ములో గడ్డ, చనుమొన నుండి రక్తం, చర్మం లోపలికి లాగినట్లుండడం కనిపిస్తే మాత్రం ఏ వయసులోనైనా ఆలస్యం చేయరాదు.

అబ్బాయిగల తల్లిదండ్రులకు ఒక మనవి. నిజం చెప్పిన ఇంటిని తోసివేయకండి. మనం తోసివేసినంతకాలం వారు దాస్తూనే ఉంటారు.

కుటుంబ బైబిలు వెనుక పేజీలో పుట్టినరోజులు, పెళ్లిరోజులు వ్రాసుకొనే అలవాటు మనలో ఉంది. ఈ ఆదివారం పెద్దలు ఇంట ఉండగానే అడిగి, ఈ వివరాలూ వ్రాసిపెట్టండి. అది మన ఆడపిల్లలకు పొలంకన్న మంచి ఆస్తి.