మన డైనోసార్‌కి తల లేదు

మా కృష్ణానగర్‌లో అద్దెకి దొరకనిది లేదు. పోలీసు యూనిఫాం, రాజుగారి కిరీటం, ఏది కావాలన్నా సినిమావాళ్ల కోసం రెడీగా ఉంటుంది. అందుకేనేమో, ఫోన్‌లో డైనోసార్ వేలం వార్త చూపిస్తే మా రూమ్మేట్ "ఏ ఆర్ట్ డైరెక్టరో కొనుంటాడ్రా" అన్నాడు. కాదు. 2024 జులైలో న్యూయార్క్‌లో సోథబీస్ వాళ్లు వేలం వేసిన అపెక్స్ అనే స్టెగోసారస్‌ని 4.46 కోట్ల డాలర్లకి, అంటే దాదాపు 370 కోట్ల రూపాయలకి, కెన్ గ్రిఫిన్ అనే ఫైనాన్స్ వ్యాపారి కొన్నాడు. అసలు ఎముకలే.

డబ్బున్నోడు కొనుక్కుంటే మనకేంటి అని మొదట నేనూ అనుకున్నా. కానీ ఆలోచించండి. ఒక పేపర్‌లో "ఈ ఎముక ఇలా ఉంది" అని రాస్తే, ఇంకొకరు వెళ్లి అదే ఎముకని చూసి "కాదు, మీరు తప్పు" అనే వీలుండాలి. మన బ్రాంచి వాళ్లకి చెప్పాలంటే, ప్రైవేట్ రిపోలో ఉన్న కోడ్ మీద పేపర్ రాసినట్టే. ఓనర్ ఇవాళ యాక్సెస్ ఇస్తాడు, రేపు తీసేస్తాడు, అమ్మేస్తే కొత్త ఓనర్ ఎవరో కూడా తెలియదు. టీరెక్స్ "స్టాన్" విషయంలో అదే జరిగింది. దాని మీద అప్పటికే చాలా పేపర్లు వచ్చాయి. 2020 అక్టోబరులో 3.18 కోట్ల డాలర్లకి అమ్ముడైంది. అబుదాబి మ్యూజియానికి వెళ్తోందని 2022 మార్చి దాకా బయటి ప్రపంచానికి తెలియలేదు.

స్కాన్ చేసి పెట్టుకోవచ్చుగా అని మా రూమ్మేట్ వాదన. స్కాన్‌లో ఆకారం వస్తుంది. ఆ జంతువు ఎన్నేళ్లు బతికింది, ఎంత వేగంగా పెరిగింది అని తెలియాలంటే మాత్రం ఎముకని పల్చగా కోసి మైక్రోస్కోప్ కింద పెట్టాలి. దానికి అసలు ఎముకే కావాలి. గ్రిఫిన్ అపెక్స్‌ని న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి నాలుగేళ్లకి అప్పుగా ఇచ్చాడు. మంచిదే. నాలుగేళ్ల తర్వాత?

ఇంత దూరం ఎందుకు, మన ఊళ్లోనే ఒకటుంది. అమీర్‌పేటలో మెట్రో మారి అసెంబ్లీ స్టేషన్‌లో దిగితే బిర్లా సైన్స్ మ్యూజియం దగ్గరే. అక్కడ నిలబెట్టిన కోటాసారస్ యామనపల్లియెన్సిస్ అప్పటి ఆదిలాబాద్ జిల్లా యామనపల్లి దగ్గర దొరికింది. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసిన పి. యాదగిరి గారు 1988లో దానికి పేరు పెట్టారు. మొత్తం 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి, అన్నీ ఒకే చోట కలగలిసి దొరికాయి. జంతువు పొడవు సుమారు 9 మీటర్లు. పేరుకి ఆధారమైన ఎముకని హోలోటైప్ అంటారు. ఇక్కడ అది ఒక తుంటి ఎముక, దానికి సర్వే వాళ్ల నంబరు 21/ఎస్‌ఆర్/పీఏఎల్. నంబరుంది కాబట్టి ఫలానా ఎముక కావాలని అడగొచ్చు. డ్రాయింగ్ రూముల్లోని ఎముకలకి ఈ నంబర్లుండవు.

అలాగని ప్రభుత్వం చేతిలో ఉంటే చాలు అనుకోవద్దు. 2022 డిసెంబరులో కేంద్రం శిలాజాల వంటి భూవారసత్వ సంపద రక్షణకి ఒక ముసాయిదా బిల్లు జనం ముందు పెట్టింది. రక్షణ కావాలన్నవాళ్లే దాని మీద అభ్యంతరాలూ చెప్పారు. అధికారమంతా సర్వే చేతికే పోతే, యూనివర్సిటీల్లో పరిశోధించేవాళ్లు ప్రతిదానికీ అనుమతి కోసం తిరగాల్సి వస్తుందని వాళ్ల భయం. ఫైలు ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్‌కి వెళ్లడానికి ఎన్నాళ్లు పడుతుందో మన స్కాలర్‌షిప్ అప్లికేషన్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు. నాకు మాత్రం కొనేవాడి ఇష్టం కన్నా ఆ క్యూనే నయమనిపిస్తుంది. కనీసం ఎవరిని అడగాలో తెలుస్తుంది.

మొన్న ఆదివారం దాని కింద నిలబడి పైకి చూస్తుంటే, పక్కన ఒక పిల్లాడు "నాన్నా, దాని తల నిజందేనా?" అని అడిగాడు. వాళ్ల నాన్న అవునన్నాడు. నేను కల్పించుకోలేదు గానీ, కాదు. ఆ 840 ఎముకల్లో పుర్రె లేదు, రెండు పళ్లు మాత్రం దొరికాయి. మనం చూసే తల ఊహించి చేసింది. అసలుది గోదావరి లోయలో ఏ రాయి కిందో ఉండొచ్చు. వర్షానికో జేసీబీకో బయటపడితే, అది ముందు ఎవరి కంట పడుతుందో.