ఆగని ఇంజను, లేవని ఇంజను... తప్పు ఒక్క తీగదే!

మెదక్: మెదక్ బస్టాండుకు కాస్త దూరంలో వున్న ఓ చిన్న మెకానిక్ షాపుకు ఈ వానాకాలంలో ఒకే రోజున రెండు మిషన్లు వచ్చాయి. ఒకటి పొలం గట్ల మీద గడ్డి కోసే బ్రష్ కట్టరు. ఎన్నిసార్లు స్విచ్చి నొక్కినా ఆగడం లేదు. రెండోది పురుగుల మందు కొట్టే తైవాన్ పంపు. చేతులు నొప్పి పుట్టేలా తాడు లాగినా స్టార్టు కావడం లేదు. మొదటిది మంజీర పక్క వూరి రైతుది. రెండోది ఈ విలేకరిదే. గంట తిరక్కుండా రెండూ బాగయ్యాయి. రెండింటిలోనూ చెడింది ఒకటే - ఇంజనును ఆపే స్విచ్చికి పోయే సన్నపాటి తీగ.

రైతు ఎడమ చేతికి కట్టు వుంది. "బ్లేడుకు గడ్డి సుట్టుకున్నది. స్విచ్చి బందు చేసిన. ఇంజను ఆగలే. బ్లేడు తిరుగుతలేదు గదా అని చెయ్యి వెట్టిన. బెల్టు జారి రేసు నొక్కుకపాయె" అన్నాడాయన. రెండు వేళ్లకు కుట్లు పడ్డాయి. వేళ్లు దక్కాయి, అదే పదివేలు.

"స్విచ్చి బందు జేసుడు గాదు పటేలా, ఇంజను బందయినంకనే చెయ్యి వెట్టాలె" అంటూ మెకానిక్ స్విచ్చి విప్పి చూపించాడు. లోపల తీగ తెగి వేలాడుతున్నది.

తీగ తెగితే ఇంజను ఆగిపోవాలి గాని, ఆగకుండా ఎలా నడుస్తుంది? ఈ అనుమానం మాకూ వచ్చింది. ఇంట్లో బల్బుకు తీగ తెగితే దీపం ఆరిపోతుంది. ఈ చిన్న పెట్రోలు ఇంజన్లలో లెక్క తలకిందులు. తాడు లాగినప్పుడు చక్రం తిరుగుతుంది. చక్రానికి బిగించిన అయస్కాంతం కాయిలు ముందు నుంచి పోతుంది. కాయిలులో రెండు చుట్లు. లావు తీగవి కొద్ది చుట్లు, వెంట్రుక లాంటి తీగవి వేల చుట్లు. లావు చుట్టులో పుట్టిన కరెంటును సరిగ్గా సమయానికి టక్కున తెంచితే, సన్న చుట్టులో వేల వోల్టులు లేచి ప్లగ్గు దగ్గర నిప్పురవ్వ దూకుతుంది. వెనుకట ఈ తెంచే పని పాయింట్లు చేసేవి, ఇప్పుడు కాయిలులోనే వుండే ఎలక్ట్రానిక్ ముక్క చేస్తున్నది. స్విచ్చి చేసే పని ఒక్కటే. ఆ లావు చుట్టు కొసను ఇంజను బాడీకి కలిపేస్తుంది. అప్పుడు కరెంటు తెగదు, రవ్వ పుట్టదు, ఇంజను ఆగుతుంది. అంటే కలిపితే ఆగుతుంది, విడదీస్తే నడుస్తుంది. తీగ తెగిన ఇంజను ఎప్పటికీ ఆగదు. తీగ రాపిడికి చర్మం వూడి బాడీకి తగిలిన ఇంజను ఎప్పటికీ లేవదు. పాత బజాజ్ స్కూటర్లు, లూనాలు ఆగిందీ ఈ పద్ధతిలోనే. డీజిలు ఇంజనుకు ప్లగ్గే వుండదు గనుక ఈ గొడవ లేదు, డీజిలు ఆపితేనే అది ఆగుతుంది.

బ్యాటరీ లేకుండా రవ్వ పుట్టించే ఈ మాగ్నెటో కొత్తదేమీ కాదు. జర్మనీలో రాబర్ట్ బాష్ కంపెనీ 1897లోనే దీన్ని ఓ మూడు చక్రాల మోటారు బండికి బిగించింది. 1902లో ఆ కంపెనీ ఇంజనీరు గోట్లోబ్ హోనోల్డ్ ఎక్కువ వోల్టేజి మాగ్నెటోను తయారు చేశాడు. విమానాలలోనూ ఇదే వున్నది. దుండిగల్ వైమానిక దళ అకాడమీలో 2009 వరకు శిక్షణకు వాడిన దీపక్ విమానాలవి పిస్టన్ ఇంజన్లే, మాగ్నెటోలతో నడిచేవే. అలాంటి విమానం ఆగి వున్నా, స్విచ్చి ఆఫ్‌లో వున్నా, ప్రొపెల్లరును బతికి వున్నదనే అనుకోవాలని పైలట్లకు నేర్పుతారు. ఆపే తీగ లోపల తెగి వుంటే, చేత్తో ప్రొపెల్లరు తిప్పినా ఇంజను ఒక్కసారిగా అందుకోవచ్చు. మన పొలం గట్టు మీద జరిగిందీ, అక్కడ భయపడేదీ ఒకే తీగను గురించి.

కొత్త స్విచ్చి వేసుకునేవారు మొదట చూడవలసింది ఇంజనుకు బ్యాటరీ వుందా లేదా అన్నది. తాడు లాగితే లేచి, ఎక్కడా బ్యాటరీ లేకపోతే అది మాగ్నెటోదే. సరదాకు ఎగరేసే మోడల్ విమానాల పెట్రోలు ఇంజన్లు చాలావాటికి చిన్న బ్యాటరీ వుంటుంది. అక్కడ స్విచ్చి బ్యాటరీ కరెంటును తెంచాలి, మాగ్నెటో పద్ధతి పనికిరాదు. మాగ్నెటో కాయిలు తీగకు బ్యాటరీ కరెంటు తగిలించారా, కాయిలు పోయినట్టే.

మాగ్నెటో ఇంజనులో కాయిలు నుంచి బయటికి వచ్చే సన్న తీగను స్విచ్చి ఒక కాలికి, రెండో కాలి నుంచి ఇంకో తీగను ఇంజను బోల్టుకు కలపాలి. బోల్టు కింద రంగు గీకి ఇనుము కనపడాలి. స్విచ్చి ప్లాస్టిక్ పిడి మీద వుంటే ఈ రెండో తీగ తప్పనిసరి, ప్లాస్టిక్ గుండా ఎర్త్ రాదు. ప్లగ్గుకు పోయే లావు తీగ జోలికి మాత్రం పోవద్దు. ఆ వేల వోల్టులు మామూలు స్విచ్చిలో ఆగవు, చేతికే కొడతాయి. తీగలో ఒకే కడ్డీ కాక సన్నని పోగులు చాలా వుండాలి. ఇంజను అదురుకు కడ్డీ తీగ త్వరగా విరుగుతుంది. సైలెన్సరుకు దూరంగా, రేకు అంచులకు రబ్బరు తొడుగు వేసి, కొంచెం వదులుగా కట్టుకోవాలి. మావాడు ఇంతా చేసి, కాయిలు వైపు తీగ విప్పి, టార్చి సెల్లు, బల్బుతో పరీక్ష చేశాడు. స్విచ్చి ఆపే వైపు పెడితే బల్బు వెలగాలి, నడిపే వైపు పెడితే ఆరాలి.

నడిచే ఇంజను స్విచ్చికి ఆగకపోతే కంగారు పడి ప్లగ్గు టోపీ పీకొద్దు, షాకు కొడుతుంది. రేసు వదిలి చోక్ మూసేయాలి. పెట్రోలు కాక్ వుంటే అదీ కట్టేయాలి, కాని కార్బురేటరులో మిగిలిన పెట్రోలు అయ్యేదాకా కాసేపు నడుస్తుంది. బ్లేడులో చెయ్యి పెట్టవలసి వస్తే, ఇంజను చప్పుడు పూర్తిగా ఆగిన తరువాత ప్లగ్గు టోపీ తీసి పక్కన పెట్టుకోవాలి. ఆ రైతుకు మెకానిక్ రెండుసార్లు చేయించి మరీ చూశాడు.

ఇక మా పంపు సంగతి. అంతకు ముందు వేరే చోట చూపిస్తే కాయిలు పోయిందన్నారు. కొత్తది పన్నెండు వందలు పెట్టి కొన్నాం. వేసినా లేవలేదు. కార్బురేటరు మార్చాలన్నారు. ఇక్కడ మెకానిక్ చేసిన మొదటి పని స్విచ్చి తీగను కాయిలు దగ్గర విప్పి తాడు లాగడం. రెండో లాగుకు ఇంజను లేచింది. ట్యాంకు కింద ఫ్రేముకు రాసుకుని తీగ చర్మం గోరంత వూడిపోయింది. పాత కాయిలునే మళ్లీ బిగించి, కొత్త తీగకు, పనికి కలిపి అరవై రూపాయలు తీసుకున్నాడు. పన్నెండు వందల కాయిలు మా ఇంట్లో అటక మీద డబ్బాలో వుంది.